నీరు పల్లమెరుగు: వాయిదా పడిన ఆటల చరిత్ర

(మట్టి కింది చరిత్ర - 6)



వానాకాలం మొదలయ్యాక జిల్లా పేపర్ల ఆటల పేజీలో ఓ మూలన రెండు లైన్ల వార్త వస్తూ ఉంటుంది. మైదానంలో నీళ్ళు నిలిచినందున ఈ రోజు జరగాల్సిన ఫుట్‌బాల్ మ్యాచులు వాయిదా వేశామని నిర్వాహకులు చెప్పారని. అంతే. ఆ పిల్లలు ఎక్కణ్ణుంచి వచ్చారు, మళ్ళీ ఎలా వస్తారు, బస్సు చార్జీలు ఎవరిస్తారు అని ఎవరూ రాయరు. తప్పు వాన మీదికి తోస్తే పని అయిపోతుంది. వానను నిలదీసేవాడు ఉండడు కదా.

ఈ వారం ఆ రెండు లైన్ల వార్తను చరిత్రగా చదువుదాం. నా వాదన ముందే చెప్పేస్తాను. మ్యాచ్‌ను ఆపేది వాన కాదు. కురిసిన నీరు బయటికి పోయే దారి లేకపోవడం. ఆ దారి ఎవరి నేలకు తవ్వారు, ఎవరి నేలకు తవ్వలేదు, తవ్విన దారి చివరికి ఎవరి గుమ్మంలో తేలింది అన్నదే చరిత్ర. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని మన సామెత. పల్లంలో ఎవరిని పెట్టారో మాత్రం సామెత చెప్పదు. అది మనం చెప్పుకోవాలి.

ముందు లెక్క చూద్దాం.

పెద్ద ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అంటే 7,140 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మన దగ్గర జడివాన పట్టిందంటే 50 మిల్లీమీటర్లు పడటం వింతేమీ కాదు. అంటే ఒక్క మైదానం మీద 3 లక్షల 57 వేల లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్లతో తోడితే 36 ట్యాంకర్లు. చీపుళ్ళతో, బకెట్లతో, స్పాంజీలతో పోయే నీళ్ళు కావవి.

ఈ నీటికి మూడు దారులే ఉన్నాయి. ఒకటి, పక్కలకు జారిపోవడం. అందుకని మంచి మైదానాన్ని నడుమ కాస్త ఎత్తుగా, అంచులకు వాలుగా చదును చేస్తారు. మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఇస్తే నడిమి గీతకూ పక్క గీతకూ 34 సెంటీమీటర్ల తేడా వస్తుంది. కంటికి ఆనదు గానీ నీటికి తెలుస్తుంది. రెండోది, కిందికి ఇంకడం. పైన ఇసుక కలిపిన మట్టి, దాని కింద కంకర, కంకరలో చిల్లులున్న గొట్టాలు, చేప ముల్లు ఆకారంలో పరుస్తారు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, అందరూ మరిచిపోయేది. గొట్టాల్లో చేరిన నీరు పోయి పడటానికి మైదానం కంటే పల్లంలో ఒక చోటు ఉండాలి. అది లేకపోతే మొదటి రెండూ దండగ. డెల్టా రైతును అడగండి, పంటకాల్వ ఒక్కటే ఉంటే చాలదు, మురుగుకాల్వ లేని చేను కుళ్ళిపోతుందని చెబుతాడు.

మా వైపు నల్లరేగడి. ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే ఉబ్బి నోరు మూసుకుంటుంది. తడి రేగడి మీద 22 మంది గంటన్నర తొక్కితే మట్టిలో ఉన్న కాసిని సందులూ పూడిపోతాయి. తర్వాత పడిన చినుకు పడినట్టే పైన నిలుస్తుంది. రిఫరీ వచ్చి బంతిని పైనుంచి వదులుతాడు. లేవదు. కాలితో తోస్తాడు. నాలుగడుగులు పోయి నీళ్ళలో ఆగిపోతుంది. మ్యాచ్ వాయిదా.

ఇక చరిత్రలోకి వెళ్దాం. దగ్గరి సంగతితో మొదలుపెడతాను.

2017 అక్టోబర్. 17 ఏళ్ళలోపు పిల్లల ఫుట్‌బాల్ ప్రపంచకప్ మన దేశంలో జరిగింది. ఒక సెమీఫైనల్ గువాహటికి ఇచ్చారు. బ్రెజిల్, ఇంగ్లండ్. ఈశాన్య రాష్ట్రాల్లో ఫుట్‌బాల్ అంటే ఎంత ప్రాణమో మీకు తెలుసు. అంతకు ముందు 21న అక్కడే మాలీ, ఘనా జట్ల క్వార్టర్ ఫైనల్ నీళ్ళు నిండిన మైదానంలో జరిగింది. బంతి దొర్లదు, మనుషులు జారుతున్నారు. గడ్డి చెదిరిపోయింది. 23న ఫిఫా ప్రకటించింది, సెమీఫైనల్ గువాహటిలో కాదు, కోల్‌కతాలో అని. 25న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో ఇంగ్లండ్ 3-1తో గెలిచింది. ప్రపంచం బ్రూస్టర్ అనే కుర్రాడి మూడు గోల్స్ చూసింది. టిక్కెట్లు కొనుక్కుని ఎదురుచూసిన గువాహటి జనాన్ని ఎవరూ చూడలేదు.

సాల్ట్‌లేక్ అన్న పేరు గమనించారా? ఉప్పు సరస్సు. కోల్‌కతా నేల హుగ్లీ నది గట్టు దగ్గర ఎత్తుగా ఉండి తూర్పుకు పోయేకొద్దీ దిగిపోతుంది. నీరు సహజంగా నది వైపు పోదు, తూర్పున ఉన్న ఉప్పు చిత్తడి నేలల్లోకి పోతుంది. చేపల చెరువులతో బతికే జనం ఉన్న చోటు అది. 1962 నుంచి హుగ్లీ అడుగున ఉన్న ఒండ్రును గొట్టాల్లో తెచ్చి ఆ చిత్తడిలో కొంత భాగాన్ని పూడ్చారు. మధ్యతరగతికి కొత్త నగరం కట్టారు. 1984లో అక్కడే స్టేడియం లేచింది. అంటే, ఊరి నీళ్ళు పోయి పడే చోటునే ఎత్తు చేసి, కింద ఇసుక, గొట్టాలు పరిచి దేశంలోకెల్లా పెద్ద ఆటస్థలాల్లో ఒకటి చేశారు. డబ్బు, అధికారం ఉంటే సరస్సు మీద కూడా పొడి మైదానం వస్తుంది. లేకపోతే మిట్ట మీద కూడా నీళ్ళు నిలుస్తాయి. మిగిలిన చిత్తడి నేలల్లో ఇప్పటికీ ఆ మహానగరపు మురుగునీటితోనే చేపలు పెంచి బతుకుతున్న వాళ్ళున్నారు. స్టేడియం పొడిగా ఉండటానికి ఇంకా ఎవరో తడుస్తూనే ఉన్నారన్నమాట.

"సరే సార్, నీళ్ళు నిలిస్తే రెండు జట్లకూ కష్టమే కదా, ఇందులో పక్షపాతం ఏముంది?" అని మీలో ఎవరైనా అడగొచ్చు. మంచి ప్రశ్న. 1974 జులై 3న పశ్చిమ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏం జరిగిందో చూడండి. ప్రపంచకప్. జర్మనీ, పోలండ్ మధ్య మ్యాచ్, గెలిచినవాళ్ళు ఫైనల్‌కు. మ్యాచ్‌కు ముందు కుండపోత. మైదానం చెరువైంది. అగ్నిమాపక దళాన్ని పిలిపించి పంపులతో తోడించారు, రోలర్లతో నీటిని నెట్టించారు. అరగంట ఆలస్యంగా ఆట మొదలుపెట్టారు. గోల్స్ తేడాలో ముందున్న జర్మనీకి డ్రా అయినా చాలు. పోలండ్ గెలిచి తీరాలి. పోలండ్ బలమంతా అంచుల వెంట పరుగెత్తే వేగంలో ఉంది. ఆ వేగాన్ని నీళ్ళు మింగేశాయి. ముల్లర్ ఒక్క గోల్ కొట్టాడు, 1-0. పోలండ్ వాళ్ళు ఇప్పటికీ ఆ మ్యాచ్‌ను నీటి యుద్ధంగానే తలుచుకుంటారు.

జర్మనీ దొంగాట ఆడిందని నేను అనడం లేదు. నీళ్ళు నిలిచిన మైదానం తటస్థం కాదని అంటున్నాను. గెలిచి తీరాల్సిన వాడికి, పరుగు తప్ప ఇంకేమీ లేనివాడికి అది ఎదురు తిరుగుతుంది. ఆగినా చెల్లేవాడికి అది చుట్టం. ఈ మాట గుర్తుపెట్టుకుని మళ్ళీ కోల్‌కతాకు, ఈసారి వందేళ్ళ వెనక్కి రండి.

కోల్‌కతా మైదాన్ విలియం కోట చుట్టూ ఉన్న సైన్యం భూమి. తెల్ల సిపాయిలు, తెల్ల వ్యాపారులు అక్కడ ఫుట్‌బాల్ ఆడేవారు. 1893లో ఐఎఫ్ఏ షీల్డ్, 1898లో లీగ్ మొదలయ్యాయి. ఈ దేశంలో వాళ్ళ క్రికెట్ చలికాలంలో, ఫుట్‌బాల్ వానాకాలంలో. అదే నగరానికి విలియం క్లార్క్ అనే ఇంజనీరు 1855లో భూగర్భ మురుగు కాల్వల పథకం వేశాడు. ఇటుకలతో కట్టిన ఆ సొరంగాలు తెల్లవాళ్ళ వీధులకు ముందు, నల్లవాళ్ళ పేటలకు తర్వాత వచ్చాయి. లీగ్ కూడా అంతే. మొదటి డివిజన్లో రెండు భారతీయ జట్లకు మించి ఉండకూడదని నిబంధన. 1925లో ఈస్ట్ బెంగాల్ పైకి వచ్చేదాకా అది కదల్లేదు. రిజర్వేషన్లు ప్రతిభను చంపేస్తాయని మనకు పాఠాలు చెప్పేవాళ్ళకు ఈ తెల్ల రిజర్వేషన్ సంగతి కూడా చెప్పండి.

భారతీయులు ఉత్త కాళ్ళతో ఆడేవారు. పొడి నేల మీద ఉత్త కాలు చురుకు. బంతి కాలికి అతుక్కున్నట్టు తిరుగుతుంది. నేల తడిసిందంటే మాత్రం బూటు కింది ముల్లు మట్టిని పట్టుకుంటుంది, ఉత్త పాదం జారుతుంది. దొరల సైనిక జట్లు వానను కోరుకునేవి. ఆట కాలం వానాకాలం, నేల బంకమట్టి, ఎదుటివాడి కాలికి బూటు. ఎవరి పక్షాన నీళ్ళు నిలిచాయో చూడండి. 1911 జులై 29న మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి షీల్డ్ గెలిచినప్పుడు దేశం ఊగిపోయిందంటే అందుకే. పదకొండు మందిలో ఒక్కడికే బూట్లున్నాయి.

కానీ మనం ఆ పదకొండు మంది పేర్లు కూడా చదవాలి. భాదురీ సోదరులు, ముఖర్జీలు ఇద్దరు, భట్టాచార్య, సుకుల్, ఘోష్, సేన్‌గుప్తా. బూట్లున్న ఆ ఒక్కడు ఛటర్జీ, క్రైస్తవ మతాచార్యుడు. జాతి గెలిచిందని సంబరపడ్డాం, సంతోషమే. జాతిలో ఎవరికి ఆ మైదానం గేటు తెరుచుకుందో కూడా లెక్కపెట్టాలి.

అంతకు పాతికేళ్ళ ముందటి సంగతి ఒకటుంది. నగేంద్రప్రసాద్ సర్బాధికారి అనే ఆయన వెల్లింగ్టన్ క్లబ్ నడిపేవాడు. మణి దాస్ అనే కుమ్మరి కొడుకును క్లబ్‌లో చేర్చుకుంటానంటే పెద్దింటి సభ్యులు ఒప్పుకోలేదు. ఆయన ఆ క్లబ్‌నే రద్దు చేసి, శోభాబజార్ క్లబ్ పెట్టి మణి దాస్‌ను చేర్చుకున్నాడు. 1892లో ఆ శోభాబజార్ జట్టే ట్రేడ్స్ కప్‌లో ఈస్ట్ సర్రే అనే తెల్ల పటాలాన్ని ఓడించింది. కుమ్మరి అంటరానివాడు కూడా కాదు. కుమ్మరి కొడుకుకే ఒక క్లబ్ రద్దయ్యేంత గొడవైతే, ఇక చెప్పు కుట్టేవాడి కొడుకు సంగతి?

చెప్పు దగ్గరికే వద్దాం. 1934 నుంచి 1938 దాకా వరసగా ఐదేళ్ళు కలకత్తా లీగ్‌ను మహమ్మడన్ స్పోర్టింగ్ గెలిచింది. ఆ లీగ్ గెలిచిన మొదటి భారతీయ జట్టు అదే. దేశం నలుమూలల నుంచి ఆటగాళ్ళను తెచ్చుకుంది. ఇంకో పని కూడా చేసింది. నేల తడిగా ఉన్నప్పుడు తన ఆటగాళ్ళకు బూట్లు తొడిగించింది. అంతే, వాన దొరల పక్షం వదిలేసింది. ఇంత చిన్న మార్పు మిగిలినవాళ్ళకు ఎందుకు తట్టలేదు? తట్టినా ఎందుకు జాప్యం చేశారు? 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయేదాకా, ఆ రోజు కూడా కొందరు ఉత్త కాళ్ళతోనే ఆడేదాకా, బూట్లు తప్పనిసరి కాలేదు. పేదరికం ఒక కారణం, అలవాటు ఒక కారణం. నాకు మూడోది కూడా కనిపిస్తుంది. తోలును ముట్టుకోవడం మైల అనుకున్న సమాజం, తోలుతో పనిచేసే చేతులను ఊరి బయట పెట్టిన సమాజం, తన పిల్లల పాదాలకు ఏం కావాలో ఆ చేతులను అడగలేదు. తోలు ఊనింది, కోసింది, కుట్టింది మనవాళ్ళు. వాళ్ళు కుట్టిన బూటు మీద ఎవరో నిలబడ్డారు. మనవాళ్ళు మైదానం బయటే ఉన్నారు.

బయట కాదు, లోపల కూడా ఉన్నారు. మైదానం పని చేస్తూ. పల్వంకర్ బాలూ పేరు మీకు తెలిసే ఉంటుంది. ఆయనది క్రికెట్, కానీ మన కథకు ఆయన తొలినాళ్ళ ఉద్యోగమే కావాలి. చమార్ కులంలో పుట్టిన బాలూ పూనాలో దొరల క్లబ్‌లో నెలకు 4 రూపాయలకు పనిచేశాడు. పిచ్ మీద రోలర్ లాగడం, గీతలు గీయడం, వలలు కట్టడం. దొరలు సాధన చేసుకోవడానికి ఆయన చేత బంతులు వేయించుకున్నారు, బ్యాట్ మాత్రం చేతికి ఇవ్వలేదు. తర్వాత హిందువుల జట్టు ఆయన్ను తీసుకుంది. మైదానంలో అదే బంతిని అందరూ పట్టుకున్నారు. టీ తాగే వేళకు మాత్రం ఆయనకు బయట, పారేసే మట్టి ముంతలో పోశారు. 1911లో, అదే మోహన్ బగాన్ షీల్డ్ గెలిచిన ఏడాదే, ఇంగ్లండ్ పర్యటనలో ఆయన వందకు పైగా వికెట్లు తీశాడు. మైదానం ఎవడి చేతులతో తయారైందో వాడు ఆట ఆడితే ఎలా ఉంటుందో దేశం చూసింది. అలాంటి బాలూలు ఎందరు రోలర్ దగ్గరే ఆగిపోయారో ఏ పుస్తకంలోనూ ఉండదు.

అది పాత కథ, ఇప్పుడు రాజ్యాంగం ఉంది కదా అంటారా? 2010కి రండి. ఢిల్లీలో కామన్‌వెల్త్ క్రీడలు. స్టేడియాలు, రోడ్లు, కాల్వలు అన్నీ కొత్తగా మెరిశాయి. ఆ ఖర్చులోకి షెడ్యూల్డ్ కులాల ప్రత్యేక నిధులు మళ్ళించారని హక్కుల సంఘాలు సమాచార హక్కు చట్టంతో బయటపెట్టాయి. వాళ్ళు చెప్పిన లెక్క 744 కోట్ల రూపాయలు. అప్పటి హోంమంత్రి చిదంబరం మళ్ళింపు జరిగినట్టే కనిపిస్తోందని రాజ్యసభలో ఒప్పుకున్నారు. మన వాడల్లో మురుగు కాల్వకు రావాల్సిన డబ్బు వాళ్ళ క్రీడా సంబరానికి పోయింది. ఆ అనుభవం తర్వాతనే మన ఉమ్మడి రాష్ట్రంలో 2013లో సబ్‌ప్లాన్‌కు చట్టం వచ్చిందని, అదీ ఎవరో దయతో ఇచ్చింది కాదని, వీధుల్లో కొట్లాడి తెచ్చుకున్నదని మరిచిపోవద్దు.

ఇక మన దగ్గరికి. నేను పాఠం చెప్పే కాలేజీ మైదానం ఒకప్పుడు కుంట. ఎత్తైన నేల అంతా ఎవరెవరి చేతుల్లోకో పోయాక, మిగిలిన పల్లం కాలేజీకి ఇచ్చారు. హాస్టళ్ళకూ, సర్కారు బడులకూ ఎక్కువగా దొరికేది అలాంటి నేలే. మొన్న వానలకు కాలేజీల మధ్య జరిగే ఫుట్‌బాల్ పోటీలు మూడుసార్లు వాయిదా వేసి, చివరికి రద్దు చేశారు. మా జట్టులో ఒక కుర్రాడున్నాడు. హాస్టల్లో ఉంటాడు. వాళ్ళ నాన్న మునిసిపాలిటీలో కాంట్రాక్టు కార్మికుడు, కాల్వల్లో పూడిక తీస్తాడు. స్పోర్ట్స్ కోటాలో సీటుకు ఆ పోటీల సర్టిఫికెట్ అవసరం. పోటీలే లేవు, సర్టిఫికెట్ ఎక్కడిది? కొత్త టర్ఫ్ ఉన్న ప్రైవేటు కాలేజీ పిల్లలు వేరే పోటీల్లో ఆడుకున్నారు. వాడు నాతో అన్న మాట ఇది: "సార్, ఊళ్ళో ఏ వీధిలో నీళ్ళు నిలిచినా మా నాన్నకే ఫోన్ వస్తది. మన గ్రౌండ్లో నిలిస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి సార్?"

నేను పై అధికారులకు రెండు అర్జీలు పెట్టాను. గ్రాంటు లేదన్నారు. అదే ఏడాది ప్రహరీకి రంగులు వేశారు.

ఆ కుర్రాడి ప్రశ్నలో చరిత్రంతా ఉంది. ఈ దేశంలో నీరు పోయే దారి తవ్వేది, అందులోకి దిగేది మన వాళ్ళు. పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. బెజవాడ విల్సన్ నాయకత్వంలో సఫాయి కర్మచారి ఆందోళన్ కోర్టులో కొట్లాడితే, 2014 మార్చిలో సుప్రీంకోర్టు మురుగు గుంతల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వమంది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. చావుకు రేటు పెరిగింది గానీ చావులు ఆగలేదు. స్టేడియం నీరు ఇరవై నిమిషాల్లో ఇంకిపోయే పరిజ్ఞానం ఉన్న దేశం, మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించకుండా ఉండే పరిజ్ఞానం లేదంటోంది. ఇది పరిజ్ఞానం సమస్య కాదని మీకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు.

కాబట్టి విద్యార్థి మిత్రులకు ఓ పని చెబుతాను. ఈ వానల్లో మీ కాలేజీ, మీ హాస్టల్, మీ ఊరి బడి మైదానాలు చూడండి. వాన వెలిసిన తర్వాత నీరు ఎన్ని గంటలు నిలిచిందో రాసుకోండి, ఫొటో తీయండి. గత ఐదేళ్ళలో ఆ మైదానానికి ఎంత మంజూరైంది, దేనికి ఖర్చయింది అని సమాచార హక్కు కింద అడగండి. పోటీలు రద్దయితే పిల్లలకు ప్రత్యామ్నాయంగా ఏ తేదీ ఇచ్చారో రాతపూర్వకంగా అడగండి. వాయిదా అన్న మాటకు తేదీ ఉండాలి. తేదీ లేని వాయిదా అంటే రద్దు. మనకు భూమి పంపకంలో, బ్యాక్‌లాగ్ పోస్టుల్లో, న్యాయంలో ఇన్నేళ్ళుగా ఇస్తున్నవి తేదీ లేని వాయిదాలే.

ఇంకొక్కటి. మైదానానికి కాల్వ తెచ్చుకున్న తర్వాత ఆగిపోవద్దు. ఆ కాల్వ వెంట చివరిదాకా నడవండి. అది ఏ వాడలోకి పోయి తేలుతోందో చూడండి. మన మైదానం ఆరి, ఇంకో మాదిగపల్లె మునిగితే మనం గెలిచినట్టు కాదు. ఆ వాడ దాటి చెరువుదాకా, వాగుదాకా కాల్వ పోయేవరకూ అది మన కొట్లాటే.

వచ్చే ఆదివారం ఏడో భాగంలో రోలర్లు లాగినవాళ్ళ గురించి ఇంకొంచెం వివరంగా మాట్లాడుకుందాం. మీ ఊరి మైదానాల సంగతులు కింద రాయండి. చదువుతాను.

జై భీమ్.